ఏడింటి వంతు

యాదమ్మ ఫోన్‌లో మొగుడితో “ఫ్రీక్వెన్సీ” అంది. పక్క గడపలో కూచుని మెంతికూర తెంపుతున్న ఎల్లమ్మకు అది “ఫ్రీ కరెంటు” అని వినిపించింది. నలభై ఏళ్లు కాంక్రీటు కలిపే మిల్లర్ పక్కన తట్ట మోసిన చెవులవి. మిల్లర్ గడగడ తప్ప తక్కిన లోకమంతా వాటికి గుసగుసే. అలాంటి చెవుల్లో పడ్డ మంచి మాటను ఒక్కతే ఉంచుకోవడం పాపమనిపించి, ఎల్లమ్మ లేచి వరండా కటకటాల మీదికి వంగింది. కింద ఇస్త్రీ దుకాణం శివరాంకు వినిపించేలా, పై అంతస్తుకు వినిపించేలా, ఇంకా మిగిలితే పక్క గల్లీకి కూడా పంచేలా చాటింది.

“ఏడింటిదాంక కరెంటు ఫ్రీ అంట. మొగులయ్య ఆఫీసుకెల్లి ఫోన్ల చెప్పిండు.”

అప్పుడు సాయంత్రం ఆరూ ఇరవై అయిదు. మే నెల. ఇంకో పదిహేను నిమిషాలకు గల్లీ మొగదల ఉన్న కరెంటు డబ్బా కాలిపోయింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలకు ఎల్లమ్మ మొగుడు రాజమల్లు, మెట్ల మీంచి కుర్చీలో దించుతుండగానే, పోయాడు. కామాటిపుర తొమ్మిదో గల్లీలోని ఆ చాల్‌లో, చాలీచాలని గదుల్లో కాపురాలు చేసేవాళ్లకు ఈ మూడు సంగతుల్నీ ఒక దండగా గుచ్చడానికి పెద్ద సూది అక్కర్లేకపోయింది. ముసల్ది తప్పు విన్నది, జనం స్విచ్చులు వేశారు, డబ్బా కాలింది, ముసలాయన ఊపిరి మిషన్ ఆగింది. చెవి తెచ్చిన చావు.

ఈ కథను మొగులయ్య పది రోజుల్లో పద్నాలుగుసార్లు విన్నాడు. ఫోరస్ రోడ్డు టీ బండి దగ్గర విన్నాడు, నీళ్ల కుళాయి దగ్గర విన్నాడు, తన ఇంట్లో తన పెళ్లాం యాదమ్మ నోటే విన్నాడు. విన్న ప్రతిసారీ తల ఊపాడు. ఆ గల్లీలో ఊపకూడని తల అదొక్కటే. ఎందుకంటే కథ ఎక్కడ తప్పిందో తెలిసిన మనిషి అతనొక్కడే.

మొగులయ్య తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరికి రాళ్లెత్తాడు. తండ్రి ఇటుకలెత్తాడు. మొగులయ్య ఫోన్ ఎత్తుతాడు. ఇరవై రెండేళ్లు ఒక బొగ్గు కరెంటు కేంద్రంలో బాయిలర్ ముందు కూచున్నాడు. రెండేళ్ల కింద ఆ యూనిట్ మూసేశారు. బొగ్గు పని బుగ్గయ్యాక అతన్ని తీసుకెళ్లి ఊరి కరెంటు కంట్రోల్ రూమ్‌లో కూచోబెట్టారు. ఏ గంటకు ఎంత ఎండ కరెంటు వస్తుందో, ఎంత గాలి కరెంటు వస్తుందో, ఊరు ఎంత మింగుతుందో తెర మీద చూస్తూ, తేడా వస్తే ఫోన్లు చెయ్యాలి. పేరులోనే మొగులున్న, అంటే మబ్బున్న, మనిషిని ఎండకు కాపలా పెట్టారని మొదట్లో అతనే నవ్వేవాడు, అందర్నీ నవ్వించేవాడు.

ఆ పని ఏమిటో యాదమ్మకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అతను మామ అని పిలుచుకునే పక్కింటి రాజమల్లుకు మాత్రం రెండు నిమిషాల్లో అర్థమైంది. డెబ్బై రెండేళ్ల మేస్త్రీ. రాయి కోసే చోట దుమ్ము మింగీ మింగీ ఊపిరితిత్తులు సిమెంటు బస్తాల్లా గట్టిపడిపోయి, మూడేళ్లుగా ముక్కుకు గొట్టంతో మంచం మీదే ఉన్నాడు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ కరెంటు మీద గుర్రుగుర్రుమంటూ ఉండేది. దాన్ని ఆయన “రెండో పెండ్లాం” అనేవాడు, ఇది కూడా నిద్రపోనియ్యదని. మొగులయ్య తన కొత్త కొలువు గురించి చెప్తే, గొట్టం సర్దుకుని అన్నాడు.

“గంతేనా. తట్టల వరసే గదా.”

అంతే. స్లాబు పోసే రోజు పాలమూరు కూలీలు పరంజా మీద మెట్టుకొకరు చొప్పున నిలబడతారు. కాంక్రీటు నిండిన తట్ట కింది చేతిలోంచి పై చేతిలోకి, అక్కణ్ణుంచి ఇంకా పైకి, ఎక్కడా ఆగకుండా పోతుంది. మధ్యలో దించిపెట్టడానికి చోటు లేదు. కింది వాడు ఎత్తినప్పుడే పై వాడు పట్టాలి, పట్టే చేయి ఉంటేనే ఎత్తాలి. అందరి చేతులదీ ఒకటే లయ. ఆ లయకే ఇంగ్లీషు వాడు ఫ్రీక్వెన్సీ అని పేరు పెట్టాడు. సెకనుకు యాభై. దేశం మొత్తం ఒకటే వరస: రాజస్థాన్ ఎండ, తమిళనాడు గాలి, ఘాట్ల మీది నీళ్లు, మిగిలిన బొగ్గు, అన్నీ కలిసి ఒకే లయలో తట్టలందించాలి. ఎత్తేవాళ్లు తగ్గితే లయ యాభై కిందికి జారుతుంది, పట్టేవాళ్లు తగ్గితే యాభై దాటుతుంది. మరీ తప్పితే వరసంతా కుప్పకూలుతుంది.

పాత బొగ్గు యంత్రాలు వరసలో బండ మనుషుల్లాంటివి. వందల టన్నుల ఇరుసు తిరుగుతూ ఉంటుంది కాబట్టి, ఎవడో ఒకడు తూలినా అవి నిలదొక్కుకుని క్షణం ఆపేవి. వాటి పొగ పోయింది, పోవలసిందే. పొగతో పాటు ఆ దిటవూ పోయింది. సూర్యుడు మధ్యాహ్నమంతా పట్టేవాడు లేనన్ని తట్టలు విసిరి, ఆరు కొట్టగానే తువ్వాలు భుజాన వేసుకుని పోతాడు. సరిగ్గా అప్పుడే ఊరు ఇల్లు చేరి అన్ని స్విచ్చులూ వేస్తుంది. దాన్ని ఆఫీసులో పీక్ టైమ్ అంటారు. పీక మీదికి వచ్చే టైమన్న మాట. పగటి ఎండను దాచిపెట్టే బ్యాటరీల గోదాం ఒకటి కడుతున్నారు కానీ అది ఇంకా కొబ్బరికాయ దగ్గరే ఉంది.

రాజమల్లు ఇంకో మాట కూడా చెప్పాడు, అది ఇప్పటిది కాదు. మొగులయ్యకు పదహారేళ్లప్పుడు ఒక ఎండాకాలం ఆయన కిందే తట్టలు మోశాడు. పరంజా మీద ఆయన నేర్పిన మొదటి పాఠం మోయడం గురించి కాదు, అరవడం గురించి. పైనుంచి ఏది జారినా, ఇటుక ముక్కైనా సరే, పైనున్నవాడు ఒర్రాలి. ఒర్రితే కింద వాళ్లు పక్కకు తప్పుకుంటారు. ఒకసారి మొగులయ్య చేతిలోంచి తట్ట జారింది, గట్టిగా ఒర్రాడు, కింద ఎనిమిది మంది చెదిరిపోయారు, తట్ట నేల మీద పడి పగిలింది. రాజమల్లు తిట్టలేదు. ఒర్రినవు, బతికినమని వీపు తట్టాడు.

కంట్రోల్ రూమ్‌లో నేర్పిన మొదటి పాఠం దీనికి సరిగ్గా తలకిందులు. కరెంటు చాలనప్పుడు ఏ గంటకు ఏ పేట కొయ్యాలో ఒక జాబితా వేస్తారు. ఆ జాబితా బల్ల దాటకూడదు. ముందే తెలిస్తే జనం పోయేలోపు వాడుకుందామని ఎగబడతారని శిక్షణ ఇచ్చిన పెద్దమనిషి చెప్పాడు. మొగులయ్య తల ఊపాడు కానీ మనసులో ఒప్పుకోలేదు. అది వేరే జనం సంగతి అనుకున్నాడు. మనవాళ్లకు ఒర్రితే తప్పుకోవడం తెలుసు.

తెలుసనడానికి చాల్‌లోనే రుజువుంది. మెట్ల పక్కన గోడకు ఒక పలక వేలాడుతుంది. మునిసిపాలిటీ నీళ్లు సాయంత్రం ఐదున్నరకు వచ్చి ఏడున్నరకు పోతాయి. అందరూ ఒక్కసారే పంపులు వేస్తే ఎవరికీ ధార రాదు, పైగా వైర్లు వేడెక్కుతాయి. అందుకని రాజమల్లు ఏనాడో వంతులు పెట్టాడు. ఐదున్నరకు కింది అంతస్తు, ఆరుంబావుకు మధ్య అంతస్తు, ఏడింటికి పై అంతస్తు. పలక మీద సుద్దముక్కతో తెలుగు అంకెల్లో ఆయన రాసిన ఆ గంటలు ఇరవై ఏళ్లలో ఎవరూ తప్పలేదు. చదువు రానివాళ్లూ తప్పలేదు, చదువొచ్చినా తెలుగు రాని పిల్లలూ తప్పలేదు.

ఆ రోజు గాలి వస్తుందని గాలిమరల వాళ్లు పొద్దున్నే రాసి పంపారు. అవి వట్టి గాలి కబుర్లని సాయంత్రానికి తేలింది. ఎండ దిగడం మొదలైంది. ఐదూ ఇరవైకి, ఇంకా నడుస్తున్న బొగ్గు యూనిట్లలో ఒకటి బాయిలర్ గొట్టానికి చిల్లిపడి ట్రిప్పయింది. ట్రిప్పంటే లోనావలా వెళ్లి రావడం కాదు, ఉన్నపళంగా ఆగిపోవడం. తెర మీద యాభై కాస్తా నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిదైంది, చూస్తుండగానే పాయింట్ ఏడైంది. పై నుంచి ఆదేశం వచ్చింది. ఏడు గంటల్లోపు లయ కుదుటపడకపోతే ఊరి వంతు కొయ్యాలి. జాబితా అచ్చయి బల్ల మీదికి వచ్చింది. ఏడు గంటల వరసలో మూడోది తొమ్మిదో గల్లీకి కరెంటిచ్చే లైను.

మొగులయ్య టీ పేరు చెప్పి మెట్ల దగ్గరికి వెళ్లాడు. ఐదూ ముప్పై అయిదు. యాదమ్మకు ఫోన్ చేశాడు.

“ఏడింటికి మన నంబరున్నది. మామ మిషన్ ఆగుతది. సిలిండర్ తయారు పెట్టుకొమ్మని నరేషుకు చెప్పు. ఇంకెవలకు చెప్పకు.”

ఆ చాల్‌లో “ఇంకెవలకు చెప్పకు” అన్న మాట కవరు మీది స్టాంపులాంటిది. అది లేకపోతే కబురు కదలదు. యాదమ్మ రాజమల్లు కొడుకు నరేష్ ఒక్కడికే చెప్పింది. నరేష్ పెళ్లాం పై అంతస్తులో తన చెల్లెలు ఒక్కదానికే చెప్పింది. ఆపైన ఎవరూ ఒర్రలేదు. అందరూ గొణిగారు.

ఏడింటికి కరెంటు పోతే పై అంతస్తు వాళ్ల వంతు గల్లంతు. కరెంటు లేకపోతే పంపు లేదు, పంపు లేకపోతే రేపటిదాకా నీళ్లు లేవు. వాళ్లు వంతు రాకముందే పంపులు వేశారు. వాళ్లు వెయ్యగానే కింది అంతస్తుకు ధార సన్నబడింది, వాళ్ల దగ్గర మూలపడ్డ రెండో పంపులు బయటికొచ్చాయి. మధ్య అంతస్తు వాళ్లు ఆరుంబావుదాకా ఆగితే బిందెలు ఖాళీయేనని వాళ్లూ వేశారు. పంపులు వేసినవాళ్లకు పిండి గుర్తుకొచ్చింది, మిక్సీలు తిరిగాయి. శివరాం పెళ్లివాళ్ల బట్టలు ఏడులోపు ముగించాలని రెండు ఇస్త్రీ పెట్టెలూ పెట్టాడు. ఇరవై ఏళ్ల పలక పావుగంటలో తుడుచుకుపోయింది. పైనుంచి ఒర్రితే పక్కకు తప్పుకునే మనుషులే ఆ రోజు జారుతున్న తట్ట కిందికి చేతులు చాచి పరిగెత్తారు.

నరేష్ మంచివాడు, తండ్రి విషయంలో మరీ జాగ్రత్త. సిలిండర్ చూశాడు. అందులో అర్ధగంట గాలి మాత్రమే ఉంది. కరెంటు ఎంతసేపు పోతుందో ఎవరికి తెలుసు? ఏడింటికి ఇంకా వ్యవధి ఉంది కదా అని, ఆరూ పదికి దాన్ని భుజాన వేసుకుని నిండుది మార్చుకు రావడానికి ఫాక్‌లాండ్ రోడ్డు అవతలి మందుల దుకాణానికి వెళ్లాడు.

ఆరూ ఇరవైకి మొగులయ్య తెర మీద తన గల్లీ లైను చూశాడు. ఆ గీత నిచ్చెనలా ఎక్కుతోంది. దేశం వరసలో అదొక చిటికెన వేలంత లైను. అయినా దాని వెనక ఏ పంపు ఎవరిదో అతనికి తెలుసు. మళ్లీ మెట్ల దగ్గరికి పరిగెత్తి యాదమ్మకు ఫోన్ చేశాడు. ఫ్రీక్వెన్సీ ఇంకా పడుతోంది, పంపులు బంద్ పెట్టుమని అందరికీ చెప్పమన్నాడు. ఎప్పుడూ వినని ఆ మాటను యాదమ్మ గట్టిగా పలికి, అదేందయ్యా అని అడిగింది; ఆ తికమకలో పంపుల మాట కొట్టుకుపోయింది. ఎల్లమ్మకు వినిపించింది అదే; ఇంట్లో అప్పటికే నలుగుతున్న ఏడింటి మాటను దానికి తనే అతికించింది. చెప్పినవాడికి తప్ప ఎవరికీ తెలియని మాట అది. యాదమ్మకు బోధపడలేదు, ఎల్లమ్మకు వినపడలేదు. ఆ ఇద్దరికీ ఉన్న తేడా అంతే.

నిజానికి ఎల్లమ్మ చాటింపుకు వెయ్యడానికి స్విచ్చులు మిగల్లేదు. అప్పటికే అన్నీ వేసి ఉన్నాయి. జనం నవ్వారు, అంతే. ఆరూ నలభైకి డబ్బాలోంచి నీలం మంట లేచింది. గల్లీ అంతటా కరెంటు పోయింది.

కంట్రోల్ రూమ్‌లో అదే సమయానికి ఘాట్ల మీది నీటి యంత్రాలు పూర్తిగా అందుకున్నాయి. పొద్దున చెప్పిన గాలి కూడా ఆలస్యంగా, ఆహ్వానం అందని చుట్టంలా వచ్చింది. ఆరూ యాభై రెండుకు లయ నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిదికి చేరింది. కోతలు రద్దు. ఎవరో చప్పట్లు కొట్టారు. మొగులయ్య జాబితాను నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేశాడు. తన గల్లీ గీత నేలకంటి ఉండటం అతను అప్పుడే చూశాడు. ఫోన్ అందుకునేలోపు అదే మోగింది. యాదమ్మ ఏడుస్తోంది. నిండు సిలిండర్ భుజాన వేసుకుని నరేష్ గల్లీలోకి తిరిగేసరికి ఏడూ అయిదు.

మర్నాడు మొగులయ్య ఆ లైను రికార్డు తీసి చూశాడు. ఐదూ నలభై ఎనిమిదికి గీత లేచింది. తన ఫోనుకూ దానికీ మధ్య పదమూడు నిమిషాలు. ఆరూ ఇరవైకి అది నడినెత్తి చేరింది. ఎల్లమ్మ నోరు విప్పిన ఆరూ ఇరవై అయిదు దగ్గర గీత చలించనే లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెప్తే కొలువు పోతుంది, అది ఒక భయం. నరేష్ మొహం ఎలా చూడాలన్నది అంతకంటే పెద్ద భయం. రోజూ రేపు చెప్దామనుకున్నాడు. ఫోన్ ఎత్తడమే పనిగా బతికిన మనిషికి నోరెత్తడం చేతకాలేదు.

ఈలోగా ఎల్లమ్మ మాట్లాడటం మానేసింది. సాయంత్రమైతే చీకట్లోనే కూచుంటుంది. ఎవరైనా లోపలికొచ్చి లైటు వెయ్యబోతే చేయి పట్టుకుని, వద్దు బిడ్డా, ఫ్రీ కాదు, అంటుంది. ఆ మాట విన్నప్పటి నుంచి యాదమ్మ ఆ గదిలోకి వెళ్లలేకపోయింది.

పదకొండో రోజున, దినానికి, కింద వాకిట్లో పెట్రోమాక్స్ దీపాల కింద కాదు, మామూలు ట్యూబులైట్ల కిందే విస్తళ్లు వేశారు. కొత్త డబ్బా పెట్టి వారమైంది. చుట్టాలు, చాల్ వాళ్లు, రాజమల్లు కింద పని నేర్చిన ముసలి మేస్త్రీలు వచ్చారు. వడ్డన నడుస్తుండగా ఎవరో ఒక గిన్నె అందించమంటే, ఎల్లమ్మ సరిగా వినపడక వేరేది అందించింది. చిన్న సంగతి. నరేష్ పదకొండు రోజులుగా పళ్ల బిగువున ఆపుకున్నది అక్కడ జారింది.

“నీ చెవులే మా నాయినను తిన్నయి అవ్వా. ఇంక చాలదా?”

శివరాం విస్తరి వంక చూశాడు. ఎల్లమ్మకు ఆ మాట వినిపించిందో లేదో తెలియదు కానీ, కొడుకు మొహం చూసి అర్థం చేసుకుని, అవును బిడ్డా అన్నట్టు తలాడించింది. గోడ పక్కకు వెళ్లి చతికిలబడింది.

మొగులయ్య తినకుండానే చేయి కడుక్కున్నాడు. వెళ్లి ఆమె పక్కన కూచున్నాడు. ఆమె ఒక్కదానికి చెప్దామన్నదే అతని ఉద్దేశం. అంతవరకే ధైర్యం కూడగట్టుకున్నాడు. చెవి దగ్గరికి వంగి, నీ వల్ల కాలేదత్తా అన్నాడు.

“ఆఁ?” అంది ఎల్లమ్మ.

మళ్లీ చెప్పాడు. తిన్నావా అని అడుగుతున్నాడనుకుని, తిన్న తిన్న, నువ్వు తిను పో, అంది. చెవిలో చెప్పే మాట ఆ చెవిలోకి పోదు. పోవాలంటే ఒర్రాలి. ఒర్రితే అందరికీ వినపడుతుంది. మొగులయ్య పరంజా మీద నేర్చుకున్న గొంతు, ముప్పై ఎనిమిదేళ్లుగా వాడని గొంతు, బయటికి తీశాడు.

“నీ వల్ల గాదత్తా. నా వల్ల పోయిండు మామ.”

వడ్డించే చేతులు ఆగాయి. ఎల్లమ్మకు ఈసారి కొంత వినిపించింది, కనుబొమలు ముడేసి అతని పెదాల వైపు చూసింది. ఇక ఆపడానికి వీల్లేదు. అతను అదే గొంతుతో మొత్తం చెప్పాడు. కరెంటు ఫ్రీ అని తాను ఎన్నడూ చెప్పలేదన్నాడు. తాను చెప్పింది ఫ్రీక్వెన్సీ అని, అంటే మామ చెప్పే తట్టల వరస లయ అని, అది పడుతోంది పంపులు ఆపండని చెప్పడానికే ఆ ఫోన్ చేశానని చెప్పాడు. అత్త దాన్ని తప్పు విన్నది నిజమే, కానీ అప్పటికే చాల్‌లో పంపులన్నీ నడుస్తున్నాయి. ఐదూ ముప్పై అయిదుకు తాను చేసిన మొదటి ఫోనే వాటిని నడిపింది. జేబులోంచి కాగితం తీసి, గీత ఎక్కడ లేచిందో, ఎక్కడ నిలిచిపోయిందో వేలుతో చూపించాడు. ఆ గీత ఎవరికీ కనపడేంత పెద్దది కాదు. అయినా అందరూ చూశారు. పై అంతస్తు వాళ్లు మెట్ల పక్క పలక వైపు చూశారు. శివరాం పెళ్లాం కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నరేష్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో ఇంకా సాంబారు గరిటె ఉంది.

“సిలిండర్ల అర్ధగంట గాలుండె బావా. నువ్వు ఏడు అన్నవని నింపెతందుకు తీస్కపోయిన.”

“అవును” అన్నాడు మొగులయ్య.

“నువ్వు ఏం చెప్పకపోతే అది ఇంట్లనే ఉంటుండె.”

“అవును.”

నరేష్ గరిటెను ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా చుట్టూ చూసి, చివరికి పట్టుకునే నిలబడ్డాడు. కొడుకు వంక, మొగులయ్య వంక మార్చి మార్చి చూసిన ఎల్లమ్మ, మొగులయ్య మోచేయి పట్టి లాగింది. ఆమెకు పంపుల సంగతి కాదు, గీతల సంగతి కాదు, ఒక్కటే తెలుసుకోవాలనిపించింది.

“గా ఏడింటికి పోయిందారా మరి, కరెంటు?”

అతను జవాబు మెల్లగానే చెప్పాడు.

“పోలేదత్తా. ఏడింటికి ఎవలకూ పోలేదు.”

ఇది మాత్రం ఎల్లమ్మకు మొదటిసారికే వినిపించింది.